జీన్స్ రంగు దింపాలా? బండ ఉంది, ఎండ ఉంది

ఆదోనిలో కొన్న దుప్పటి మొదటి ఉతుకులోనే రంగు వదిలితే మర్నాడే కొట్టు ముందు నిలబడి తగువు పెట్టుకుంటాం. అదే జీన్స్ ప్యాంటు నెలలు గడిచినా రంగు వదలకపోతే ఇంట్లో కుర్రాడికి దిగులు. చవకగా దొరికిందని ముదురు నీలం ప్యాంటు తెచ్చుకుంటాడు. తొడల దగ్గర, మోకాళ్ల దగ్గర తెల్లబారి నాలుగేళ్లు తొడిగినదానిలా కనిపించాలని ఆరాటపడతాడు. ఆ తొందరలో బాత్‌రూమ్‌లో ఉన్న బ్లీచ్ సీసా ఎత్తి నేరుగా పోసేస్తాడు. సాయంత్రానికి ప్యాంటు నిండా పసుపు మచ్చలు. మంత్రాలయంలోనైనా కడపలోనైనా ఈ కథ నడిచే తీరు ఇంతే.

నిజానికి జీన్స్ రంగు దింపడానికి కావలసిన సరంజామా మన సీమ ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. పెరట్లో బట్టలుతికే బండ, గోడకు తగిలించిన బ్రష్షు, మిద్దె మీద మాడ్చేసే ఎండ. బ్లీచ్ దగ్గరికి వెళ్లాల్సింది అన్నిటికంటే ఆఖరున. ఎందుకో తెలియాలంటే ముందు ఆ నీలం దారాన్ని ఎలా అంటిపెట్టుకుని ఉందో చూడాలి.

ప్యాంటు కాలి అంచున ఊడుతున్న నీలం దారం ఒకటి లాగండి. బ్లేడుతో అడ్డంగా కోసి, ఆ కొసను గోటితో విప్పి వెలుతురులో చూడండి. పైన ముదురు నీలం, లోపల తెల్లటి దూది. వంకాయ కోస్తే తొక్కకే రంగుండి లోపల తెల్లగా ఉన్నట్టే. ఇప్పుడు ప్యాంటును లోపలి వైపుకు తిప్పండి. లోపల అంత నీలం కనిపించదు, తెలుపే ఎక్కువ. జీన్స్ నేతలో పడుగు దారాలకు మాత్రమే రంగు వేస్తారు, పేక దారాలను తెల్లగానే ఉంచుతారు. పడుగు దారం మూడు పేక దారాల మీదుగా సాగి ఒకదాని కిందికి దిగుతుంది. అందుకే బట్ట పై వైపు నీలం పేరుకుంటుంది, ఏటవాలు గీతల్లాంటి నేత కనిపిస్తుంది. పై దారం అరిగేకొద్దీ దాని లోపలి తెలుపు, కింద దాగిన పేక తెలుపు రెండూ బయటపడతాయి. జీన్స్ వెలవడం అంటే జరిగేది ఇదే. రంగు కరిగి పోవడం తక్కువ, దారం పైపొర అరిగి పోవడం ఎక్కువ.

రంగు లోపలిదాకా ఎందుకు ఇంకలేదన్నది అడగాల్సిన ప్రశ్నే. జీన్స్‌కు వేసేది నీలిమందు. దాని గుణం విచిత్రం. నీటిలో కరగదు. కరగని రంగు దారానికి ఎలా పట్టాలి? అందుకు దాన్ని క్షారం కలిపిన నీటిలో, ఆక్సిజన్‌ను లాగేసే మరో రసాయనంతో కలిపి రూపం మారుస్తారు. అప్పుడది నీలం పోయి పసుపు పచ్చ ద్రావణంగా మారి నీటిలో కరుగుతుంది. నూలును అందులో ముంచి బయటికి తీస్తే గాలి తగలగానే మళ్లీ నీలంగా మారి, మళ్లీ కరగని స్థితికి వచ్చి, దారాన్ని పట్టుకుంటుంది. మిల్లుల్లో నూలును మోకుల్లా పేని ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి లాగుతూ, మధ్యమధ్యలో గాలి తగలనిస్తూ, ఇలా పలుమార్లు ముంచుతారు. ప్రతి ముంచుకూ ఒక పొర పేరుకుంటుంది. ముంచి ఉంచే సమయం చాలా తక్కువ కాబట్టి రంగు నడిమికి చేరేలోపే దారం బయటికి వచ్చేస్తుంది. ముదురు జీన్స్ అంటే ఎక్కువ పొరలు పట్టిన జీన్స్. అంతకంటే రహస్యం లేదు.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పుకోవాలి. ఈ నీలిమందు మనకు పరాయిది కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు విరివిగా పండిన జిల్లాల్లో కడప, కర్నూలు ముందు వరసలో ఉండేవి. నీలి మొక్కను కోసి, కట్టలు కట్టి, తొట్లలో నీళ్లు పోసి నానబెట్టేవాళ్లు. ఆకు పులిసి రసం దిగాక ఆ నీటిని మరో తొట్టిలోకి వదిలి తెడ్లతో చిలికేవాళ్లు. గాలి కలిసేకొద్దీ పచ్చటి నీళ్లు నీలంగా మారి, కరగని నీలిమందు మడ్డిగా అడుగుకు దిగేది. దాన్ని కాచి, వడగట్టి, ఒత్తి, బిళ్లలుగా కోసి ఆరబెట్టి ఓడలకెక్కించేవాళ్లు. గాలి తగిలితే నీలం కరగకుండా పోతుందన్న సంగతి ఏ రసాయన శాస్త్రం చదవకుండానే ఆ తొట్ల దగ్గర పనిచేసిన కూలీలకు తెలుసు.

తర్వాత జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ నీలిమందు అణువు గుట్టు విప్పాడు. ఆయనకు 1905లో నోబెల్ బహుమతి వచ్చింది. 1897లో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందును బజారులో పెట్టింది. కొద్ది ఏళ్లలోనే మొక్కల నీలిమందు వ్యాపారం కుదేలైంది. ఇవాళ మీ ప్యాంటులో ఉన్నది దాదాపు ఖాయంగా ఫ్యాక్టరీ నీలిమందే. అణువు మాత్రం అదే కాబట్టి, దిగే తీరు కూడా అదే.

జీన్స్ కథ కూడా ఆ కాలానిదే. నెవాడాలోని రీనో ఊళ్లో జేకబ్ డేవిస్ అనే దర్జీ పనివాళ్ల ప్యాంట్ల జేబుల మూలలు చిరిగిపోకుండా రాగి మేకులు బిగించాడు. ఆయనా, శాన్ ఫ్రాన్సిస్కోలో బట్టల వ్యాపారి లీవై స్ట్రాస్సూ కలిసి 1873 మే 20న ఆ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. అప్పుడది కూలీ పనిబట్ట. తొడిగి, వంగి, మోకాళ్ల మీద కూర్చుని, ఉతికి, ఆరేసి వాడగా వాడగా వెలిసింది. ఆ వెలిసిన రూపాన్ని కొట్టులోనే కొనుక్కోవాలన్న ముచ్చట వందేళ్ల తర్వాతది. ఆ ముచ్చట తీర్చడానికి ఫ్యాక్టరీలు పెద్ద డ్రమ్ముల్లో ప్యాంట్లతోపాటు ప్యూమిస్ రాళ్లు వేసి దొర్లించడం మొదలుపెట్టాయి. తర్వాత నూలు పైపొరను కొరికే ఎంజైములు వచ్చాయి. మధ్యలో ఇసుకను గాలి ఒత్తిడితో బట్ట మీదికి చిమ్మే పద్ధతి ఒకటి నడిచింది. ఆ ఇసుక ధూళి పీల్చిన టర్కీ కార్మికులు సిలికోసిస్‌తో చనిపోవడంతో ఆ దేశం 2009లో దాన్ని నిషేధించింది. ఒకరి ఫ్యాషన్‌కు ఇంకొకరి ఊపిరితిత్తులు వెల కట్టాయి. ఇప్పుడు పెద్ద కంపెనీలు లేజర్‌తో, ఓజోన్‌తో రంగు దింపుతున్నాయి.

మనకు దగ్గర్లో ఈ పని చూడాలంటే బళ్లారి పోవాలి. జీన్స్ కుట్టడంలో, ఉతకడంలో ఆ ఊరు పేరుమోసింది. అక్కడి కుట్టుమిషన్ల దగ్గర తెలుగు వినిపించని రోజుండదు. ఆ మాటకొస్తే ఆదోని తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలోదే, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే కర్నూలులో కలిసింది. అనంతపురం జిల్లా రాయదుర్గంలో కూడా జీన్స్ కుట్టే యూనిట్లు చాలా ఉన్నాయి. ఉతికే యూనిట్ల దగ్గర మాత్రం ఎప్పుడూ రెండే గొడవలు: నీళ్లు చాలకపోవడం, వాడిన నీలం నీళ్లు ఎక్కడికి పోవాలన్నది. వాన తక్కువ పడే నేల మీద ఈ రెండూ చిన్న గొడవలు కావు.

ఇక ఇంటి పనికి వద్దాం.

మొదట చూడాల్సింది లోపలి చీటీ. నూటికి నూరు పాళ్లు కాటన్ అని ఉంటే ఏ పద్ధతికైనా తట్టుకుంటుంది. సాగే జీన్స్ అయితే ఒకటో రెండో శాతం ఎలాస్టేన్ లేదా స్పాండెక్స్ అని రాసుంటుంది. దానికి క్లోరిన్ పడదు. బ్లీచ్‌లో వేస్తే ఆ రబ్బరు దారాలు చచ్చి, మోకాళ్ల దగ్గర సంచిలా వేలాడుతుంది. రెండోది రంగు. ముదురు నీలం వేరు, నలుపు వేరు. నల్ల జీన్స్‌కు మామూలుగా వేసేది సల్ఫర్ రంగు. దాన్ని బ్లీచ్‌లో ముంచి అందమైన బూడిద రంగు వస్తుందని ఎదురుచూస్తే, తుప్పు పట్టిన గోధుమ రంగు వచ్చి కూర్చుంటుంది. నల్ల ప్యాంటుకు రుద్దుడు, ఉతుకుడు తప్ప ఇంకేదీ చేయకపోవడమే మేలు.

రంగు కాపాడుకోవాలంటే ప్యాంటును లోపలి వైపు బయటికి తిప్పి ఉతకమని చెబుతారు. మనకు కావలసింది దానికి తలకిందులు. కాబట్టి తిప్పకుండా, నీలం పైకి ఉంచే ఉతకాలి. గోరువెచ్చని నీళ్లలో, సర్ఫు కలిపి, ఒక గంట నానబెట్టండి. కొత్త బట్టలో గంజి ఉంటే అది వదులుతుంది, నూలు కాస్త ఉబ్బుతుంది. వేడి ఎక్కువైతే ప్యాంటు కుంచించుకుపోయి నడుము పట్టదు, జాగ్రత్త. నానిన నీళ్లు నీలంగా మారితే పని అయిపోయిందనుకోకండి. అది దారానికి సరిగా అంటని పైపై రంగు మాత్రమే. ఊరికే నానబెడితే నీలిమందు దిగదు, కరగదు కదా. దాన్ని రాపిడే దింపాలి.

ఆ రాపిడికి మన బండను మించింది లేదు. కడప బండ, బేతంచెర్ల బండ అని పిలుచుకునే ఈ సున్నపురాయి కొట్టిన ఇసుకరాయిలా కరుకుగా ఉండదు, పాలిష్ చేసిన గ్రానైట్‌లా జారిపోదు. బట్టను చింపకుండా అరగదీస్తుంది. ప్యాంటును బండ మీద పరిచి తొడ ముందు భాగం, మోకాలు, వెనక కూర్చునే చోటు, జేబు అంచులు, వీటి మీద బట్టల బ్రష్షుతో పడుగు వెంట, అంటే పై నుంచి కిందికి రుద్దాలి. బ్రష్షు కింద నుంచి లేచే నురగను చూడండి. మొదట తెల్లగా ఉంటుంది, కాసేపటికి లేత నీలంగా మారి బండ పగుళ్లలోకి పారుతుంది. ఆ నీలం వస్తున్నంత సేపు పైపొర అరుగుతోందని లెక్క. ఒంట్లో బట్ట సహజంగా ఎక్కడ అరుగుతుందో అక్కడే రుద్దితే చూడటానికి నిజంగా వాడినట్టుంటుంది. అంతటా ఒకేలా రుద్దితే ఎవరో పనిగట్టుకుని చేసినట్టు తెలిసిపోతుంది.

బండకేసి బాదడం గురించి. రేవులో రజకుల చేతుల్లో అదొక విద్య. చౌడు కలిపి ఉబ్బ వేసి, ఉడికిన బట్టను ఎంత జోరుగా ఎత్తి ఎక్కడ దెబ్బ పడాలో వాళ్లకు తెలుసు. మనం బాదితే బొత్తాలు, రాగి మేకులు బండకు తగిలి ఊడతాయి. బాదాలనుంటే ప్యాంటును మడిచి ఇనుప బొత్తాం చేతి వైపు ఉండేలా పట్టుకుని కాళ్ల భాగమే బాదండి.

మన బోరు నీళ్లతో ఒక తిరకాసు ఉంది. సీమ ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినం, సబ్బు నురగ ఇవ్వదు. సబ్బు, ఆ నీటిలోని సున్నం కలిసి తెల్లటి మడ్డిగా బట్టకు అంటుకుంటాయి. ముదురు ప్యాంటు మీద అది బూజులా తేలుతుంది. రంగు దిగిందని కొందరు మురిసిపోతారు, రెండో ఉతుకులో ముదురు నీలం మళ్లీ బయటపడుతుంది. సర్ఫుతోపాటు చెంచాడు బట్టల సోడా వేస్తే ఈ బాధ తగ్గుతుంది. ఆఖరి జాడింపుకు నది నీళ్లో, వాన నీళ్లో దొరికితే ఇంకా మంచిది.

తర్వాత ఎండ. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండను తిట్టుకుంటాం గానీ ఈ పనికి అదే పెట్టుబడి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు నీలిమందు అణువును విరగ్గొడతాయి. తడి బట్ట మీద ఈ పని ఇంకా త్వరగా సాగుతుంది. అందుకే పిండకుండా, నీళ్లు కారుతుండగానే ప్యాంటును మిద్దె మీద పరిచి, ఆరాక మళ్లీ నీళ్లు చల్లండి. దండెం మీద వేయకండి. తాడు తగిలిన చోట అడ్డంగా గీత పడుతుంది, ఆ గీత తర్వాత పోదు. మడతలు కూడా అంతే, ఉతికేటప్పుడు పడిన ముడత రుద్దుడికి తెల్ల చారగా మారుతుంది. పూటకోసారి బోర్లా తిప్పాలి. ఎండ ఒక్కరోజులో మాయ చేయదు. వారం పది రోజులు వేసవి ఎండలో పెడితే తేడా కంటికి ఆనుతుంది. నెలల తరబడి వదిలేస్తే మాత్రం రంగుతోపాటు నూలు కూడా చివికిపోతుంది.

ఇంకా తెల్లగా, ఫలానా చోటే కావాలంటే శాండ్‌పేపర్. సన్న రకం తీసుకోండి, ముతకది ఒక్క గీతలో దారం తెంపుతుంది. ప్యాంటు పొడిగా ఉండాలి. కాలు లోపలికి చెక్క పలక ఒకటి దూర్చి, పైన పలుచగా రుద్దాలి. నీలం మధ్య తెల్ల చుక్కలు తేలగానే ఆపండి. అవి పేక దారాలు, ఇంకా రుద్దితే మిగిలేది చిరుగు. కుట్ల మీద రుద్దకండి. మూతికి గుడ్డ కట్టుకోండి, లేచేది సన్నటి నూలు ధూళి. ఈ పని ఎప్పుడైనా ఉతుకుకు ముందే చేయాలి. ఉతికాక నూగు రాలి అసలు రూపం తెలుస్తుంది.

ఇక బ్లీచ్. ఇదంతా చేశాక కూడా చాలదంటేనే. కొట్లో సీసాలో దొరికేది సోడియం హైపోక్లోరైట్. అది నీలిమందును అరగదీయదు, విరిచేస్తుంది. విరిగిన ముక్కల్లో ఒకటి పసుపు ఛాయది. నేరుగా పోసిన చోట పసుపు మచ్చ పడటానికి కారణం అదొకటి. రెండోది, అది నీలిమందుతో ఆగదు, నూలునూ తింటుంది. ఇవాళ బాగానే ఉన్న ప్యాంటు రేపు మోకాలి దగ్గర కాగితంలా చినుగుతుంది.

తప్పదంటే ఇలా చేయండి. ప్లాస్టిక్ బకెట్టులో 10 లీటర్ల చల్లటి నీళ్లు, అందులో పావు లీటరు బ్లీచ్, బాగా కలపండి. ప్యాంటును ముందు మామూలు నీళ్లలో తడిపి అప్పుడు ముంచండి. పొడి బట్ట ముంచితే మచ్చలు పడతాయి. చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి, పని ఆరుబయట జరగాలి. అయిదు నిమిషాలకోసారి కర్రతో తిప్పి చూడండి, ఇరవై నిమిషాలు మించనివ్వకండి. తడి బట్ట ఎప్పుడూ ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. కాబట్టి మీకు కావలసిన ఛాయ రాకముందే తీసేయాలి. బ్లీచింగ్ పౌడర్ వాడే అలవాటున్నవాళ్లు పొడిని ప్యాంటు మీద చల్లకూడదు, పడ్డచోటల్లా చిల్లు పడుతుంది. వేరే పాత్రలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట నీళ్లు మాత్రమే వాడాలి.

బయటికి తీశాక నాలుగైదు నీళ్లలో జాడించండి. లోపల మిగిలిన క్లోరిన్ పని చేస్తూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దిగా నీళ్లలో కలిపి పది నిమిషాలు నానబెడితే చాలు. వెనిగర్ పోస్తే, నిమ్మకాయ పిండితే బ్లీచ్ విరుగుతుందని నోటిమాటగా తిరుగుతున్న చిట్కా ప్రమాదకరం. పులుపు తగిలితే బ్లీచ్ నుంచి క్లోరిన్ వాయువు లేస్తుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో కలిస్తే ఇంకా ఘోరం, తలుపు మూసిన గదిలో ప్రాణం మీదికి వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు కూడా దరిదాపుల్లో ఉండకూడదు. ఫ్యాక్టరీల్లో చల్లే పొటాషియం పర్మాంగనేట్ మన మందుల షాపులోనూ దొరుకుతుందని ఎవరైనా ఊరిస్తే వినకండి. అది గోధుమ మరక వదులుతుంది, దాన్ని తీయడానికి మరో రసాయనం కావాలి, ఇంట్లో తూకం తప్పడం ఖాయం.

చివరికి దిగిన రంగును అక్కడే నిలపాలని ఉప్పు నీళ్లలో నానబెట్టేవాళ్లు ఉన్నారు. ఉప్పుకు నీలిమందుతో పనిలేదు. వేరే జాతి రంగులు నూలుకు ఎక్కించేటప్పుడు వాడే ఉప్పు ఇక్కడికి పాకి అలవాటైంది. రంగు నిలవాలంటే ఆ రోజు నుంచి లోపలి వైపు తిప్పి, చల్లటి నీళ్లలో, తక్కువసార్లు ఉతికి, నీడన ఆరేయండి. మొదటి నాలుగైదు ఉతుకుల దాకా తెల్ల చొక్కాలతో కలపకండి.

నీళ్ల లెక్క కూడా వేసుకోవాలి. ఒక ప్యాంటు పత్తి చేను నుంచి చిరిగి మూల పడేదాకా సుమారు 3,800 లీటర్ల నీళ్లు తాగుతుందని, అందులో దాదాపు 23 శాతం మనం ఇంట్లో ఉతకడానికే పోతుందని లీవైస్ కంపెనీ 2015లో లెక్క చెప్పింది. ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లలో ప్యాంటు వెలవడానికి రోజూ బకెట్లు కుమ్మరించడం నాకు సబబు అనిపించదు. తొందర లేనివాళ్లు వారానికో ఉతుకు, రుద్దుడు పెట్టుకుని మిగతాది ఎండకు, ఒంటికి వదిలేస్తే సరిపోతుంది.

నీలం నీళ్లు పెరటి మురికి కాలువలో పోయండి. బ్లీచ్ నీళ్లయితే అందులో నీళ్లు దండిగా కలిపి అదే కాలువలోకి వదలండి, మొక్కల మొదట్లో వద్దు. తుంగభద్ర మెట్ల దగ్గర మాత్రం ఈ పని ఏదీ పెట్టుకోకండి. వేసవిలో ఆ నది బండల మధ్య మడుగులుగా మిగులుతుంది. మంత్రాలయం వచ్చినవాళ్లు స్నానం చేసి, దోసిట పట్టి తీర్థంగా తాగేది ఆ నీళ్లే.